మా నెత్తురులోనే ఉన్నాదా ఇది?

పలాస–కాశీబుగ్గ జంట ఊళ్ల నుంచి తూర్పుకు వెళ్తే జీడితోటలు, పనసచెట్లు, కొబ్బరితోటలు దాటుకుంటూ సముద్రం దాకా ఉద్దానం. పడమటికి తిరిగితే మెళియాపుట్టి వైపు, ఉత్తరాన మందస వెనకాల మహేంద్రగిరి వైపు సవర గిరిజనుల ఊళ్లు. ఇంత కొద్ది దూరంలో రెండు జబ్బులు కాపురం ఉంటున్నాయి. తీరాన కిడ్నీ జబ్బు, కొండమీద సికిల్ సెల్. డయాలసిస్ మంచం పక్కన కూర్చున్న కొడుకూ, రక్తపరీక్ష శిబిరానికి పిల్లాణ్ని చంకనేసుకొచ్చిన తల్లీ అడిగే మాట మాత్రం ఒకటే: “మా నెత్తురులోనే ఉన్నాదా ఇది?”

ఆ ఒక్క మాటలో రెండు ప్రశ్నలున్నాయి. అమ్మానాన్నల నుంచి వచ్చిందా, రేపు పిల్లలకూ వస్తుందా అన్నది మొదటిది. అసలిది మాకే ఎందుకొచ్చింది అన్నది రెండోది. మొదటి దానికి డాక్టరు జవాబు చెబుతాడు. రెండో దానికి ఆసుపత్రిలో తీరిక ఉండదు. తీరిక లేక వదిలేసిన ఆ ఖాళీలోకి ఊరు తన జవాబులు తెచ్చి నింపుతుంది. ఎవరో చిల్లంగి పెట్టారంటుంది, పూర్వం చేసిన పాపమంటుంది, కోడలు పుట్టింటి నుంచి తెచ్చిన దోషమంటుంది. జబ్బు శరీరాన్ని కుంగదీస్తే ఈ జవాబులు ఇంటిని కుంగదీస్తాయి. అందుకే జీవితాంతం ఉండే జబ్బుతో బతకడం నేర్చుకునేవాళ్లకు రెండో ప్రశ్న కూడా వైద్యంలో భాగమే.

ముందు తీరం సంగతి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. విశాఖపట్నానికి చెందిన నెఫ్రాలజిస్టు డాక్టర్ టి. రవిరాజు బృందం ఇక్కడ 2,210 మందిని పరీక్షించి 2019లో ఫలితాలు అచ్చువేసింది. వాళ్లలో 18.23 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కనిపించింది. అందులోనూ నూటికి 73 మందికి షుగరు, బీపీ లాంటి మామూలు కారణాలేవీ దొరకలేదు. తాగునీరు, పురుగుమందులు, ఎండలో చెమటోడ్చే చాకిరీ, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అన్నీ అనుమానితుల జాబితాలో ఉన్నాయి. ఒకే ఇంట్లో తండ్రికీ కొడుక్కీ రావడం చూసి ‘ఇది జన్యువులదే’ అని తేల్చేసేవాళ్లున్నారు. కానీ ఒకే ఇంట్లో వాళ్లు నెత్తురునే కాదు, బావినీ, తోటనూ, ఎండనూ, మందుల షాపునూ కూడా పంచుకుంటారు. కుటుంబంలో నలుగురికి ఉన్నంత మాత్రాన అది జన్యు జబ్బు అయిపోదు.

ఇంటర్నెట్‌లో వెతికే కాలేజీ పిల్లలు ఒక కథ దగ్గర తప్పకుండా ఆగుతారు. ఆఫ్రికాలో అతినిద్ర జబ్బు తెచ్చే పరాన్నజీవి నుంచి కాపాడే ఏపీఓఎల్1 అనే జన్యువు రకాలున్నాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తే అవే కిడ్నీలను దెబ్బతీస్తాయి. 2010లో బయటపడిన ఈ సంగతి నిజం, అద్భుతం కూడా. అయితే అది పశ్చిమాఫ్రికా మూలాలున్నవాళ్ల కథ. ఉద్దానానికి అతికించుకోకూడదు. ఇంకొకరి జవాబు ఎంత అందంగా ఉన్నా మన ప్రశ్నకు సరిపోదు.

కొండమీది జబ్బు అలా కాదు. సికిల్ సెల్ విషయంలో ‘మాకే ఎందుకు’ అనే ప్రశ్నకు జవాబు ఉంది. జబ్బుల చరిత్రలో ఇంత స్పష్టంగా దొరికిన జవాబులు చాలా తక్కువ. పైగా ఆ జవాబు కథలో సగం తెలుగు నేల మీదే నడిచింది.

మెళియాపుట్టి వైపు ఒక ఇల్లు ఊహించుకుందాం. తొమ్మిదేళ్ల పిల్లాడు, పందొమ్మిదేళ్ల అక్క, అమ్మ, నాన్న. పిల్లాడు పుట్టినప్పుడు బాగానే ఉన్నాడు. ఆరు నెలలు దాటాక ఒక రోజు చేతివేళ్లు, కాలివేళ్లు ఉబ్బి, ముట్టుకుంటే గుక్కపెట్టి ఏడ్చాడు. గాలి సోకిందని ఊళ్లో వైద్యం చేసే ఎజ్జోడి దగ్గరికి తీసుకెళ్లారు. తర్వాత కళ్లు పచ్చబడితే కామెర్లని పసరు పోయించారు. మూడో ఏడు వచ్చాక గానీ పరీక్షలో అసలు పేరు తెలియలేదు. ఇలాంటి ఇళ్లలో కథ తరచూ ఈ వరుసలోనే సాగుతుంది.

ఆ ఆరు నెలలు జబ్బు ఎందుకు ఆగింది? కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తంలో వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టాక కొన్ని నెలలకు అది తగ్గిపోయి పెద్దవాళ్ల రకం వస్తుంది. ఆ పెద్ద రకంలోనే ఉంది లోపం. గొలుసులో ఆరో పూస దగ్గర గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ చేరింది. ఒక్క పూస మారినందుకు ఆక్సిజన్ తగ్గినప్పుడల్లా హిమోగ్లోబిన్ కడ్డీలు కట్టి, గుండ్రంగా మెత్తగా ఉండాల్సిన ఎర్రకణం కొడవలిలా వంగి బిరుసెక్కుతుంది. సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. అదే నొప్పి. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే కొడవలి కణం 10 నుంచి 20 రోజులే బతుకుతుంది. అదే రక్తహీనత, అదే పచ్చ కళ్లు.

ఇంత కీడు చేసే జన్యువు వేల ఏళ్లుగా ఎందుకు రాలిపోలేదు? పిల్లల్ని పెద్దవాళ్లు కాకుండానే పొట్టన పెట్టుకునే జన్యువు తరతరానికీ తగ్గిపోవాలి కదా. ఈ చిక్కులో మొదటి ముడి విప్పినవాడు జె.బి.ఎస్. హాల్డేన్. మధ్యధరా తీరంలో తలసేమియా ఎక్కువగా ఉండటం చూసి, ఆ జన్యువు ఒక్కటే మోసేవాళ్లకు మలేరియాను తట్టుకునే శక్తి ఉండొచ్చని 1940ల చివర్లో ఊహించాడు. 1954లో ఆంథొనీ అలిసన్ తూర్పు ఆఫ్రికాలో సికిల్ జన్యువు విషయంలో అదే నిజమని చూపించాడు.

హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదిలి భారతదేశానికి వచ్చేశాడు. 1961లో ఇక్కడి పౌరుడయ్యాడు. చివరి రోజులు భువనేశ్వర్‌లో గడిపి 1964 డిసెంబరు 1న కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. పలాస స్టేషన్లో నిలబడితే అటు భువనేశ్వర్, ఇటు కాకినాడ వైపు. ఆ దారి పక్క కొండల్లోనే ఆయన ఊహకు సాక్ష్యం చెప్పే పిల్లలు పుడుతున్నారు. అంతకు ముందే, 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. దోమ కథ, జన్యువు కథ రెండూ మన గడపలు తొక్కాయన్నమాట.

లెక్క ఇలా నడిచింది. మలేరియా మండిపోయే అడవి ఊళ్లో ఒక ఇంట్లో ముగ్గురు పిల్లలనుకుందాం. ఒకరికి అమ్మానాన్నల నుంచి రెండూ మామూలు జన్యువులే వచ్చాయి. దీన్ని ఏఏ అంటారు. ఆ బిడ్డకు సికిల్ బాధ లేదు కానీ మలేరియా ముదిరితే ప్రాణం మీదికొస్తుంది. ఇంకొకరికి రెండూ సికిల్ జన్యువులే, అంటే ఎస్ఎస్. వైద్యం లేని రోజుల్లో ఆ బిడ్డ పెరిగి పెద్దవడమే అరుదు. మూడో బిడ్డకు ఒకటి మామూలుది, ఒకటి సికిల్‌ది. ఏఎస్ అనే ఈ రకం ఎర్రకణాల్లో మలేరియా పరాన్నజీవి సరిగా పెరగలేదు. అది దూరిన కణం వంగిపోతే ప్లీహం దాన్ని ఏరిపారేస్తుంది. ప్రాణాంతక మలేరియా నుంచి ఏఎస్ పిల్లలకు దాదాపు 90 శాతం రక్షణ ఉంటుందని ఆఫ్రికా పరిశోధనలు చెబుతున్నాయి. దోమలున్న ఊళ్లో ఎక్కువగా బతికి బట్టకట్టింది ఈ మూడో బిడ్డే. పెళ్లి చేసుకుని పిల్లల్ని కన్నదీ ఆ బిడ్డే. ఆ పిల్లలతో పాటే జన్యువూ నిలిచింది.

అంటే సికిల్ జన్యువు శాపంగా దిగిరాలేదు. మందూ డాక్టరూ లేని వేల ఏళ్లలో, మలేరియా అడవిలో బిడ్డల్ని కాపాడుకున్న ఒక పాత ఏర్పాటు అది. దానికి కట్టిన మూల్యం ఎస్ఎస్ బిడ్డ నొప్పి. ఈ మాట విన్న తల్లి ముఖంలో వచ్చే మార్పును మందుల చీటీలో రాయలేం. కానీ తన ఒంట్లో ఉన్నది దోషం కాదనీ, తన ముత్తవ్వలు బతికి ఉండటానికి కారణమైందే తనకూ వచ్చిందనీ తెలిసిన తల్లి, బిడ్డను పరీక్షకు దాచిపెట్టదు. అత్తింటివాళ్లు వేలెత్తి చూపితే తిరిగి చెప్పడానికి ఆమెకొక మాట ఉంటుంది. పైగా ఎస్ఎస్ బిడ్డ పుట్టాలంటే అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి రావాల్సిందే. నింద ఒక్కరి మీద వేయడానికి లెక్కే ఒప్పుకోదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ మార్పు ఆఫ్రికా నుంచి ఎవరో మోసుకొచ్చిందేమో అనుకునేవాళ్లు. 1986లో ఒడిశా, సౌదీ అరేబియా రోగుల జన్యువులను పోల్చి చూసిన శాస్త్రవేత్తలు, ఆసియాలో ఇది విడిగా పుట్టిందని ఆధారాలు చూపించారు. దాన్ని అరబ్–ఇండియన్ రకం అంటారు. ఈ రకం ఉన్నవాళ్లలో పసితనపు హిమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా కాస్త ఎక్కువగా మిగిలి ఉంటుంది. అది కణం వంగకుండా అడ్డుపడుతుంది. అందుకే సగటున మన దేశపు రోగులకు తీవ్రత కొంత తక్కువ. సగటు అన్న మాట మరచిపోకూడదు. తీవ్రంగా బాధపడే పిల్లలు ఇక్కడా ఉన్నారు.

ఇది కొండవాళ్ల జబ్బే అనుకోవడమూ పొరపాటే. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2000లో అచ్చువేసిన అధ్యయనం రెల్లి, తూర్పు కాపు కుటుంబాల్లోని సికిల్ జన్యువు గురించినదే. మలేరియా కులం చూడలేదు.

పుట్టుక కథ మనసుకు బలమిస్తుంది. కానీ దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటే ప్రాణం తీస్తుంది. ‘మాది ఏఎస్, మాకు మలేరియా రాదు’ అని దోమతెర తీసేయకూడదు. రక్షణ ఉన్నది ప్రాణాంతకమైన రకం నుంచి. జ్వరం వాళ్లకూ వస్తుంది, రక్తపరీక్ష వాళ్లకూ కావాలి. ఎస్ఎస్ పిల్లల సంగతి పూర్తిగా తిరగబడుతుంది. వాళ్లకు మలేరియా వస్తే మామూలు పిల్లలకంటే ప్రమాదం. ఆ ఇంట్లో మొదటి దోమతెర ఆ బిడ్డకే కట్టాలి.

ఇక రోజువారీ బతుకు. దీన్ని నీళ్లతో మొదలుపెట్టడమే సబబు, ఎందుకంటే నీళ్ల దగ్గరే కొండా తీరమూ ఎదురెదురుగా నిలబడతాయి. సికిల్ బిడ్డ కిడ్నీలు మూత్రాన్ని చిక్కబరచలేవు. నీళ్లు ఎక్కువగా పోతాయి. అందుకే తొమ్మిదేళ్లొచ్చినా రాత్రిపూట పక్క తడుపుతాడు. అది బద్ధకం కాదు, కొట్టి మాన్పించేదీ కాదు. ఒంట్లో నీరు తగ్గితే కణాలు వంగుతాయి, నొప్పి మొదలవుతుంది. కాబట్టి బడికి సీసా, పొలానికి సీసా, రాత్రి మంచం పక్కన చెంబు. బడిలో అడిగినప్పుడల్లా మూత్రానికి పంపమని హెడ్మాస్టరుకు ముందే చెప్పి ఉంచాలి. అదే తీరంలో డయాలసిస్ మీద ఉన్న మనిషి రోజుకు తాగాల్సిన నీళ్లను పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పోసుకుని, అందులోంచే గుక్కగుక్కగా వాడుకోవాలి. చుట్టూ కొబ్బరితోట ఉన్నా బొండం నీళ్లు ముట్టకూడదు. అందులో పొటాషియం ఎక్కువ, వడకట్టలేని కిడ్నీ ఉన్నవాడికి అది గుండెను ఆపగలదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చిన చెట్ల చోట మళ్లీ మొక్కలు నాటి, కాపుకొచ్చిన కాయను తాను తాగలేని రైతు బాధ ఎంతటిదో ఉద్దానం వాళ్లకే తెలుసు.

నొప్పి మాత్రల దగ్గర మాత్రం రెండు ఇళ్లకూ ఒకటే హెచ్చరిక. ఒళ్లు నొప్పులంటే షాపులో డైక్లోఫెనాక్ అడిగి కొనుక్కునే అలవాటు ఈ ప్రాంతంలో లోతుగా పాతుకుపోయింది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు. సికిల్ ఉన్నవాళ్ల కిడ్నీలను జబ్బే నెమ్మదిగా తింటుంది గనుక వాళ్లూ సొంతంగా వేసుకోకూడదు. చిన్న నొప్పికి పారాసిటమాల్, వెచ్చటి కాపడం, బాగా నీళ్లు, విశ్రాంతి. తగ్గకపోతే ఆసుపత్రి. అక్కడ ఇచ్చే బలమైన మందుకు భయపడక్కర్లేదు. సికిల్ నొప్పి నటన కాదని ఇంట్లోవాళ్లు నమ్మితే సగం భారం దిగుతుంది.

రోజూ వేసుకోవాల్సిన అసలు మందు హైడ్రాక్సీయూరియా. అది చేసే ముఖ్యమైన పని పసితనపు హిమోగ్లోబిన్‌ను మళ్లీ పెంచడం. అంటే అరబ్–ఇండియన్ రకంలో ప్రకృతి తనంతట తాను కొంత చేసిన పనినే మాత్ర ఇంకొంచెం చేస్తుంది. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన జన్యు చికిత్స కూడా ఆ హిమోగ్లోబిన్ తాళాన్నే తెరుస్తుంది. దాని ఖరీదు కోట్లలో ఉంది. మాత్ర మాత్రం అందుబాటులో ఉన్నదే. డాక్టరు చెప్పిన వేళలకు రక్తకణాల లెక్క చూపించుకుంటూ, మానకుండా వేసుకోవాలి. నొప్పి లేని నెలలో మానేయడమే ఎక్కువమంది చేసే తప్పు. నొప్పి లేకపోవడం ఆ మాత్ర చేసిన పనే. గర్భం కోరుకునేవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడాలి. హైడ్రాక్సీయూరియాతో పాటు ఫోలిక్ ఆమ్లం, న్యుమోనియా టీకాలు ఉంటాయి. ఐరన్ మాత్రలు మాత్రం పరీక్షలో ఐరన్ తక్కువని తేలితేనే. ఈ రక్తహీనత ఐరన్ లేక వచ్చింది కాదు.

కొన్ని గుర్తులు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు. జ్వరం 101 డిగ్రీలు దాటడం, ఛాతీ నొప్పితో ఆయాసం, ఎడమ పక్క డొక్కలో ప్లీహం ఉబ్బి ఒళ్లు ఒక్కసారిగా పాలిపోవడం, మూతి వంకరపోవడం, చెయ్యో కాలో పడిపోవడం. ఆ రాత్రి టెక్కలి జిల్లా ఆసుపత్రికో దగ్గరున్న పెద్దాసుపత్రికో బయల్దేరాలి. పరీక్షల కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి గుమ్మం పక్క మేకుకు తగిలించి ఉంచితే ఆ హడావుడిలో వెతుక్కోవాల్సిన పని ఉండదు. కొత్త డాక్టరుకు నోటితో చెప్పేదానికంటే ఆ సంచి ఎక్కువ చెబుతుంది.

జీడి ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లకు ఒక మాట. కాయ కొట్టే చోట జీడి నూనెకు చేతులు నల్లబడతాయి, కాల్చే చోట వేడి ముఖాన కొడుతుంది. పనిలో లేవడం కుదరదని, మరుగు దొరకదని పొద్దుట్నుంచి నీళ్లు తాగకుండా కూర్చునేవాళ్లు ఎందరో. సికిల్ ఉన్న మనిషికి ఆ ఒక్క పూట చాలు నొప్పి రావడానికి. తాగడానికీ వెళ్లడానికీ సెలవు అడగడం ఆమె హక్కు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్, తలసేమియా, హీమోఫీలియా మూడూ ఉన్నాయి. ధ్రువపత్రం తీసుకోవడానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. రాష్ట్ర సామాజిక పింఛన్ల జాబితాలో డయాలసిస్ రోగులతో పాటు సికిల్ సెల్ రోగులూ ఉన్నారు.

చివరికి పెళ్లి. ఇద్దరూ ఏఎస్ అయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ఎస్ఎస్, సగం ఏఎస్, మరో వంతు మామూలు. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదనుకునేవాళ్లున్నారు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటి నుంచే. మన వైపు మేనరికం ఇందుకు తోడవుతుంది. పిఠాపురంలో పుట్టి హాల్డేన్ దగ్గర పనిచేసిన ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రలో దగ్గరి సంబంధాల పెళ్లిళ్ల మీద 1963లోనే పరిశోధన అచ్చువేశాడు. మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లో జబ్బు వస్తుందని కాదు, ఒకే పూర్వీకుల జన్యువు రెండు వైపుల నుంచీ కలిసే అవకాశం పెరుగుతుందని. ఏఎస్ అని తేలితే పెళ్లి ఆపేయమని ఎవరూ చెప్పడం లేదు. ఏఏ ఉన్నవాళ్లను చేసుకుంటే ఎస్ఎస్ బిడ్డ పుట్టదు. ఇద్దరూ ఏఎస్ అయి, మనసు కలిసిపోతే, గర్భం వచ్చిన తొలి నెలల్లోనే పెద్దాసుపత్రిలో బిడ్డకు పరీక్ష చేయించుకునే వీలుంది. పరీక్ష ఫలితమున్న కార్డు చూసుకోవాల్సింది మాట ఇచ్చుకోకముందు. అమ్మాయి కార్డు ఒక్కటే అడిగి అబ్బాయిది దాచే ఇళ్లు అన్యాయం చేస్తున్నాయి.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రధాని మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం 40 ఏళ్లలోపు వాళ్లను 7 కోట్ల మందిని పరీక్షించాలని, 2047కల్లా ఈ జబ్బును ప్రజారోగ్య సమస్య కాకుండా చేయాలని లక్ష్యం పెట్టుకుంది. ఊళ్లో ఆ పరీక్ష చాలా చిన్న పని. వేలి చివర గుచ్చి తీసిన చుక్కను ఒక గొట్టంలోని ద్రావకంలో కలుపుతారు. కొన్ని నిమిషాలాగి, నల్ల గీతలున్న అట్ట ముందు ఆ గొట్టాన్ని పట్టుకుంటారు. సికిల్ లేకపోతే వెనక గీతలు కనిపిస్తాయి. ఉంటే ద్రావకం మబ్బుపట్టి గీతలు మాయమవుతాయి. ఏఎస్సా, ఎస్ఎస్సా అన్నది ఇందులో తెలియదు. దానికి పెద్ద ల్యాబుకు రక్తం పంపాలి.

మెళియాపుట్టి వైపు ఆ ఇంట్లో అక్క ఏఎస్. మేనమామ కొడుకుతో మాట నడుస్తోంది. అమ్మకున్న జన్యువు మేనమామకూ ఉండొచ్చు, ఆయన నుంచి కొడుక్కీ వచ్చి ఉండొచ్చు. “మన మీద నమ్మకం లేదేటే?” అని అత్త రెండు రోజులు ముఖం చాటేసింది. మూడో రోజు శిబిరానికి కొడుకును వెంటబెట్టుకుని తనే వచ్చింది. ఏఎన్ఎం ఆ అబ్బాయి వేలు గుచ్చి, చుక్క కలిపి, టైం చూసుకుంది. తమ్ముడు నీళ్ల సీసా చేత్తో పట్టుకుని అక్క పక్కన నిలబడ్డాడు. “పెద్ద ల్యాబుకీ పంపుతానమ్మా, ఆ కాగితం వచ్చేదాకా తొందరపడకండి” అంటూనే ఏఎన్ఎం గొట్టాన్ని అట్ట ముందుకు తెచ్చింది. అక్క ముందుకు వంగి, ద్రావకం వెనకనున్న గీతలను ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది.